సహసంబంధం చూడబోయి

నార్కట్‌పల్లి చౌరస్తా చుట్టుపక్కల ఒకానొక వారంలో ఇరవై రెండు ఇళ్లవాళ్లు ఒకేసారి పెళ్లి మాటలు మొదలుపెట్టారు. ఇరవై రెండు ఇళ్లలో పెళ్లికొడుకులు వేరువేరు. పెళ్లికూతురు మాత్రం ఒక్కతే. ఆ మహాతల్లిని నేనే. పైగా అప్పట్లో పెళ్లి అన్న మాట వింటేనే నాకు చలిజ్వరం వచ్చేది. ఆ పెళ్లి తప్పించుకోవడానికే బిజినెస్ స్టాటిస్టిక్స్ పాసవుదామని బయలుదేరి ఇంత పని చేశాను. నవ్వాలనిపిస్తే నవ్వండి, నేనూ ఇప్పుడు నవ్వుతున్నాను. అప్పుడైతే పదిహేను రోజులు అన్నం సయించలేదు.

తెలంగాణ వచ్చిన కొత్తల్లో సంగతి ఇది. బీకాం తెలుగు మీడియంలో చదివాను. నల్లగొండలో యూనివర్సిటీలో ఎంబీఏ సీటు వచ్చింది. మా నాయినకు చౌరస్తాకు నాలుగు కిలోమీటర్ల దూరంలో బత్తాయి తోట ఉంది. చుట్టుపక్కల అందరికీ ఆయన తోట సత్తయ్యే. సీటు వచ్చిందన్న రోజు ఆయన మంచం మీద కూర్చుని, తువ్వాల భుజం మార్చుకుని, తీర్పు చెప్పినట్టు చెప్పాడు.

"సూడు సరితా. నీకు సదువు మీద మనసుంది, నేను కాదన. గని ఒక్క సబ్జెక్టు తప్పినా సదువు బంద్. తెల్లారే సంబంధాలు సూస్త. మల్ల నన్ను అనొద్దు."

"నేనెందుకు తప్పుత నాయినా?" అన్నాను గర్వంగా. స్టాటిస్టిక్స్ అనే పదార్థం ఒకటి భూమ్మీద ఉందని అప్పటికి నాకు తెలియదు.

దాన్ని చెప్పే యాదగిరి సార్ అంటేనే మాకు హడల్. సంతోషం, కోపం, ఎండ, వాన, అన్నిటికీ ఆయనది ఒకటే మొహం. ఆ మొహం ఎంత మారుతుందో ప్రామాణిక విచలనం కట్టి చూస్తే సున్నా వస్తుంది. మొదటి క్లాసులోనే బోర్డు మీద ఇంగ్లిషులో 'మీన్' అని రాశారు. అర్థం కాక ఇంటికి వెళ్లి డిక్షనరీ చూశాను. నీచుడు, పిసినారి అని ఉంది. ఇంత మొదట్లోనే ఎవరిని తిడుతున్నాడో అని భయపడ్డాను. అది సగటు అని తెలిసేసరికి క్లాసు మూడు చాప్టర్లు దాటిపోయింది.

మొదటి ఇంటర్నల్‌లో ఇరవైకి నాలుగు వచ్చాయి. సార్ పేపరు చేతికిస్తూ, "ఈ నాలుగు కూడా హాల్ టికెట్ నంబర్ కరెక్ట్‌గా వేసినందుకు" అన్నారు. ఆ మాటలో వెటకారం ఉందో లేదో ఆ మొహం చూసి చెప్పడం ఎవరి తరమూ కాదు. ఇక మిగిలింది ప్రాజెక్టు. అది గట్టెక్కితే పాస్, మునిగితే ఇంట్లో పెళ్లిచూపులు. ఆ రాత్రి కలలో నేను పీటల మీద కూర్చుంటే సార్ అక్షింతలు వేస్తున్నారు.

ప్రాజెక్టు నాకు ఏది పడిందంటే, దుకాణం తెరిచి ఉంచే గంటలకూ వచ్చే గిరాకీకీ కోరిలేషన్ ఉందా లేదా, అంటే ఒకటి పెరిగితే రెండోదీ పెరుగుతుందా చూడాలి. సార్ నియమాలు గట్టివి. ముప్పై దుకాణాలు తిరగాలి, ఒక్కటి తగ్గినా చెల్లదు. జనం భాషలోనే అడగాలి. వాళ్లు ఏం చెప్తే అది, ఒక్క ముక్క వదలకుండా రాయాలి. చివర్లో ఒక స్లిప్పు ఇచ్చి కృతజ్ఞత చెప్పాలి, దాని మీద మన పేరు, ఫోన్ నంబరు ఉండాలి. అప్పుడే నమ్ముతారట.

జనం భాష అనగానే నాకు ప్రాణం లేచొచ్చింది. తెలుగు మీడియం దాన్ని కదా! ఇంగ్లిషు మీడియం వాళ్లు కోరిలేషన్‌కు తెలుగేమిటని తలలు పట్టుకుంటుంటే, మా బీకాం పుస్తకంలో చదివిన మాట నాకు టక్కున గుర్తొచ్చింది. సహసంబంధం. ఎంత చక్కటి మాట! అదే ఫారం నెత్తిన లావు అక్షరాలతో కొట్టించాను: 'సహసంబంధ పరిశీలన'. కింద ప్రశ్నలు. పేరు? ఫోన్ నంబరు? వయసు? చదువు? కుటుంబంలో ఎంతమంది? దుకాణం సొంతమా, కిరాయా? రోజుకు ఎన్ని గంటలు పని? గిరాకి ఎంత వస్తుంది? స్లిప్పు మీద, 'సహసంబంధ పరిశీలనకు సహకరించినందుకు ధన్యవాదాలు. ఫలితం త్వరలో తెలియజేయబడును' అని రాయించి, నా పేరూ, నాయిన ఫోన్ నంబరూ వేశాను. నా ఫోన్ నేల మీద పడి తెర పగిలి ఉంది.

ఆ ఫారం మీరు ఇప్పుడు ఇంకొకసారి చదవండి. పెళ్లిచూపుల్లో ఇంతకంటే ఏం అడుగుతారు? నాకు మాత్రం తట్టలేదు. భయంలో ఉన్న మనిషికి పక్కవాడు చూసేది కనబడదు.

మొదట చౌరస్తాలో చాయ హోటల్‌కు పోయాను. గల్లాపెట్టె దగ్గర ఒక పెద్దమ్మ కూర్చుంది. ఫారాలు గుండెకు హత్తుకుని ఎదురుగా నిలబడ్డాను.

"ఏం బిడ్డా, చాయ తాగుతవా?"

"కాదు పెద్దమ్మా. సహ... సంబంధం సూసేతందుకు వచ్చిన."

భయంతో 'సహ' గొంతులోనే మింగేశాను. 'సంబంధం' ఒక్కటి బయటపడింది. పెద్దమ్మ నన్ను పైనుంచి కిందిదాకా చూసి, చప్పున లేచి కుర్చీ తుడిచింది.

"సంబంధమా? కూసో బిడ్డా, కూసో! ఎవరి పిల్లవు?"

"తోట సత్తయ్య బిడ్డను."

"సత్తయ్య బిడ్డవా! ఒక్కదానివే వచ్చినవా?"

"మా సారు ఒక్కదాన్నే పొమ్మన్నడు."

"గిప్పటి పిల్లలు నయం," అంది పెద్దమ్మ మెచ్చుకోలుగా. "మా కాలంల పెండ్లి పీటలెక్కెదాక మొగని మొకం సూడలే. అడుగు బిడ్డా, ఏమేం అడుగుతవో."

స్టాటిస్టిక్స్ మీద జనానికి ఇంత గౌరవం ఉందని తెలియక ఇన్నాళ్లూ భయపడ్డానే అనుకున్నాను. "మీ వయసెంత పెద్దమ్మా?" అన్నాను పెన్ను తీసి.

"నా వయసెందుకు? మా శీనుది రాసుకో. ఇరవై ఆరు." లోపలికి తిరిగి కేకేసింది. "ఒరేయ్ శీనూ! జర ఇటొచ్చి నిలబడు!"

జిడ్డు చేతులతో ఒక అబ్బాయి వచ్చి నిలబడ్డాడు. ఎందుకు నిలబడ్డాడో నాకు తెలియదు, ఆ అబ్బాయికీ తెలియదు.

"దుకాణం సొంతమా, కిరాయా?"

"సొంతమే! కిరాయని ఎవరన్నరు?" అంది పెద్దమ్మ. అప్పుడే చాయ తాగుతున్న ఒక పెద్దమనిషికి పొలమారింది. జాగా ఆయనదట, ఆ సంగతి తర్వాత తెలిసింది.

"గిరాకి ఎంత వస్తది?"

"రోజుకు రెండొందల మంది రాసుకో. మావోడు పొద్దుందాక పనే. తాగుడు లేదు, గుట్కా లేదు. రాసినవా?"

సార్ ఒక్క ముక్క వదలొద్దన్నారు కదా. 'తాగుడు లేదు, గుట్కా లేదు' అని అది కూడా రాశాను. స్లిప్పు ఇస్తే పెద్దమ్మ కళ్లకద్దుకుంది.

నేను పక్క దుకాణానికి వెళ్లేలోపే కబురు నాకంటే ముందు వెళ్లింది. పంచర్ దుకాణంలో నేను నోరు తెరవకముందే కుర్చీ వేశారు. ఎరువుల దుకాణం పెద్దాయన కళ్లజోడు పెట్టుకుని ఫారం మొత్తం చదివాడు.

"సహసంబంధం అంటే ఏందిరా?" అని పక్కాయన్ని అడిగాడు.

"సహ అంటే కలిసి ఉండేది. గట్టి సంబంధం అన్నట్టు," అన్నాడు పక్కాయన. నేను అవునంటూ తలూపాను. పుస్తకంలోనూ ఇంచుమించు అలాగే ఉంది మరి.

టైలర్ దుకాణంలో అయితే అతని తల్లి, "నువ్వు రాసుకుంటుండు, నేను కొలుసుకుంట" అని టేపు తీసుకుని నా భుజాలు, చేతులు కొలిచింది. నేను వాళ్ల లెక్కలు అడుగుతున్నాను, వాళ్లు నా లెక్కలు అడుగుతున్నారు, ఇదేదో సమానంగానే ఉంది అనుకున్నాను. చదువుకున్న మూర్ఖత్వానికి కొలత లేదని ఆ టేపు నా భుజం మీద పడినప్పుడైనా తెలియలేదు.

రెండు రోజుల్లో ముప్పై ఫారాలూ నిండాయి. క్లాసులో అందరికంటే ముందు నావే అయ్యాయి. ఆ వారమంతా కాలిక్యులేటర్ ముందేసుకుని కుస్తీ పట్టాను. చివరికి కోరిలేషన్ 1.4 వచ్చింది. ఎక్కువే వచ్చింది కదా, మార్కులు కూడా ఎక్కువే వస్తాయని సంబరపడ్డాను.

ఆ వారంలో ఇంట్లో ఒక తేడా గమనించాను. నాయిన నాతో మాట్లాడడం మానేశాడు. ఫోన్ మోగితే తోటలోకి వెళ్లి మాట్లాడి వస్తున్నాడు. వచ్చి నా మొహం చూసి, ఏదో అడగబోయి ఊరుకుంటున్నాడు. నాలుగు మార్కుల సంగతి ఎవరో చెప్పేశారనుకున్నాను. అడుగుదామంటే ధైర్యం లేదు.

ప్రాజెక్టు చూపించే రోజు వచ్చింది. డిపార్టుమెంటులో సార్ ముందు నిలబడ్డాను. సార్ మొదటి పేజీ తిప్పారు. రెండో పేజీ తిప్పారు. ముప్పై పేజీలూ తిప్పారు.

"కోరిలేషన్ ఎంత వచ్చింది?"

"వన్ పాయింట్ ఫోర్ సార్."

"కోరిలేషన్ ఒకటి దాటదు. ఇప్పటిదాకా ప్రపంచంలో ఎవరికీ దాటలేదు. నీకెట్లా దాటింది?"

"భయానికి దాటింది సార్."

"ముప్పై దుకాణాల్లోనూ రోజుకు రెండు వందల గిరాకి. తేడానే లేనప్పుడు భాగించే చోట సున్నా వస్తుంది. సున్నాతో భాగించావా?" సార్ గొంతు పెరగలేదు. పెరిగి ఉంటే బాగుండేది. "ముప్పై దుకాణాలూ సొంతం. యజమానులందరికీ ఇరవై నాలుగు నుంచి ఇరవై ఎనిమిది లోపే. నార్కట్‌పల్లిలో ముసలోళ్లు లేరా? ఎవరూ తాగరు. ఎవరూ గుట్కా తినరు. ఇది నార్కట్‌పల్లేనా, స్వర్గమా?"

సార్ ఫారాలన్నీ కట్టగా చేసి బల్ల మీద పెట్టారు.

"ఇంట్లో కూర్చుని రాశావు. ఒప్పుకో. దొంగ డేటా అయితే ఈ సబ్జెక్టు నీకు పోయినట్టే."

"నిజంగ తిరిగిన సార్! ఒట్టు సార్!"

"సరే, ఫోన్ చేస్తా." ఫారాల మధ్యలోంచి ఒకటి లాగి, అందులో ఉన్న నంబరు నొక్కి, స్పీకర్ పెట్టారు. ఎరువుల దుకాణం అది. ఆ ఫోన్ మోగుతున్నంతసేపూ నాకు కళ్ల ముందు పందిరి, మామిడాకులు కనబడుతున్నాయి.

"హలో, సరిత అనే అమ్మాయి మీ దగ్గరికి వచ్చిందా?"

"వచ్చిందండి! మీరు పిల్ల తరపోళ్లా?"

సార్ నావైపు చూశారు. "అనుకోండి. మా స్టూడెంట్."

"మంచి పిల్లండి! తలెత్తి సూడలే. అడుగుడు, రాసుకునుడు, గంతే. మా ఇంటిల్లిపాదికి నచ్చింది."

"అది కాదు. మీ వయసెంత?"

"నా వయసెందుకండి, సేసుకునేది నేను గాదు గదా! మావోనికి ఇరవై ఆరు."

"దుకాణానికి రోజుకు రెండు వందల మంది వస్తారా?"

అవతల గొంతు తగ్గింది. "మీరు గట్టిగనే ఆరా తీస్తున్నరు సార్. ఉన్నమాట సెప్త. సీజన్ల ఎనబై, మామూలు రోజుల్ల ఇరవై. సంబంధం గదా అని జర పెంచి సెప్పిన. దీనికే వద్దనకుండ్రి."

"సంబంధమా? ఏం సంబంధం?"

"గదే సార్, స్లిప్పుల రాసిచ్చింది గదా. ఫలితం త్వరల సెప్తమని. మేం గా ఫికర్‌తోనే ఉన్నం."

సార్ ఫోన్ పెట్టేశారు. ఫారం పైన ఉన్న లావు అక్షరాలను వేలు పెట్టి కూడబలుక్కుని చదివారు. సహ. సంబంధ. పరిశీలన. ఆయన మూతి ఎడమవైపు కొంచెం కదిలింది. నాలుగు నెలల్లో ఆ మొహం కదలడం అదే మొదలు. సార్‌కు పక్షవాతం వస్తోందేమోనని, అది కూడా నా వల్లేనని నేను ఏడుపు మొదలుపెట్టాను.

సరిగ్గా అప్పుడే నాయిన తలుపు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. ఒక చేతిలో పాత క్యాలెండర్ కాగితం, ఇంకో చేతిలో కవరు.

"నమస్తే సారూ. ఈ పిల్ల నాయినను. ఇంట్ల అడగబుద్ధి గాలే, మీ ముందట అడుగుదామని వచ్చిన." నాయిన కవరులోంచి ఒక జాకెట్ తీసి బల్ల మీద పెట్టాడు. గులాబి రంగుది, అంచు కుట్టింది. "టైలర్ తల్లి పొద్దున తెచ్చిచ్చింది. కోడలికి కొలత సరిపోతదో లేదో సూసుకోమన్నది. ఇది ఏందమ్మా? వారం రోజులసంది ఒగటే ఫోన్లు."

క్యాలెండర్ కాగితం వెనక, బత్తాయి గంపలు లెక్కపెట్టేటప్పుడు గీసినట్టు, ఫోన్ చేసిన ఇంటికో గీత గీసుకున్నాడు. నాలుగు నిలువు, ఒకటి అడ్డం. మొత్తం ఇరవై రెండు.

"నేను సదువు బంద్ జేస్తనంటి గదా," అన్నాడు నాయిన. "గా కోపానికి నువ్వే ఇల్లిల్లు తిరిగి సంబంధాలు సూసుకుంటున్నవా బిడ్డా? నేనంత బలిమి జేసిన్నా?"

ఇరవై ఏళ్లలో మా నాయిన కళ్లలో నీళ్లు నేను చూడలేదు. అప్పటిదాకా సార్ అంటే భయపడ్డాను, పెళ్లి అంటే భయపడ్డాను. అవేవీ ఆ నిమిషం ముందు లెక్కలోకి రావు.

"కాదు నాయినా! గది పెండ్లి సంబంధం గాదు. లెక్క. సహసంబంధం అంటే లెక్క!"

"అంటే నీకు పెండ్లి వద్దా?"

"వద్దు నాయినా. నాకు స్టాటిస్టిక్స్ పాస్ గావాలె."

వెక్కి వెక్కి ఏడుస్తూ ఈ మాట అన్న మనిషి ఆ డిపార్టుమెంటులో అంతకు ముందు లేదని తర్వాత సార్ చెప్పారు. ఆయన నాయినకు కుర్చీ చూపించి, క్యాలెండర్ కాగితం అందుకున్నారు.

"ట్యాలీ మార్కులు కరెక్ట్‌గా వేశారు," అన్నారు మెచ్చుకుంటూ. తర్వాత నావైపు తిరిగారు. "ముప్పై మందిలో ఇరవై ఇద్దరు వాళ్లంతట వాళ్లే ఫోన్ చేశారు. నా సర్వీసులో ఏ సర్వేకూ ఇంత స్పందన రాలేదు. నువ్వు తిరిగిన మాట నిజమే. కానీ ఈ డేటా పనికిరాదు. మూడు రోజులు టైమిస్తా. అవే దుకాణాలు, నిజమైన లెక్కలు."

"నేను తోల్కపోత సారూ," అన్నాడు నాయిన, తువ్వాలతో మొహం తుడుచుకుంటూ.

ఆ మూడు రోజులూ నాయిన బండి వెనక కూర్చుని మళ్లీ ముప్పై దుకాణాలు తిరిగాను. ముందు నాయిన వెళ్లి, "ఇది పెండ్లికి గాదు, సర్కారుకు గాదు, ఉత్త లెక్క. ఉన్నది ఉన్నట్టు సెప్పుండ్రి" అనేవాడు. తండ్రి కూడా వెంట వచ్చాడంటే విషయం ముదిరినట్టేనని కొందరు ఇంకా మర్యాద పెంచారు. చాయ హోటల్ పెద్దమ్మ మాత్రం అంతా విని, నిట్టూర్చి, "అయితే కిరాయని రాసుకో" అంది. యజమానుల వయసులు ఒక్కసారిగా ముప్పై ఏళ్లు పెరిగాయి. గిరాకి పదో వంతుకు పడిపోయింది. టైలర్ తల్లికి జాకెట్ తిరిగి ఇవ్వబోతే తీసుకోలేదు, నీ కొలతే గదా ఉంచుకోమంది. నాకు తలెత్తి ఆమె మొహం చూడడానికి సిగ్గేసింది.

ఈసారి లెక్క సార్ ముందే కూర్చుని కట్టాను. ఒకటికి దగ్గరగా వస్తే గట్టి సంబంధం, సున్నాకు దగ్గరైతే సంబంధం లేనట్టు. నాకు 0.04 వచ్చింది. ఇంత తిరిగితే ఇంతేనా వచ్చింది, ఇక పోయినట్టే అనుకున్నాను.

సార్ రెండుసార్లు సరిచూశారు. "కరెక్ట్. దుకాణం ఎన్ని గంటలు తెరిచినా గిరాకీకి దానితో సంబంధం లేదు. లేదని తేల్చడం కూడా ఫలితమే." కింద ఎర్ర పెన్నుతో 'సంబంధం లేదు' అని రాసి, సంతకం పెట్టి, ఇరవైకి పద్నాలుగు వేశారు. నేను పాసయ్యాను.

నాయిన సార్ సంతకం పెట్టిన కాగితం పట్టుకుని ఇంటికి రాగానే తోట గట్టు మీద కూర్చుని, క్యాలెండర్ మీది గీతలు ఒక్కొక్కటి కొట్టేస్తూ ఇరవై రెండు ఇళ్లకూ ఫోన్లు చేశాడు. మాటిచ్చాం కదా, ఫలితం తెలియజేయాలి. అందరికీ ఒకటే మాట. "ఏమనుకోకుండ్రి. మా బిడ్డ లెక్క గట్టి సూసింది. పెద్ద సారు సంతకం గూడ పెట్టిండు. సంబంధం లేదని తేలింది." జాతకం కుదరలేదంటే వాదించేవాళ్లు కూడా యూనివర్సిటీ లెక్క అనేసరికి ఊరుకున్నారు. ఇరవై ఒక్క గీతలు సాఫీగా పోయాయి. ఆఖరిది పంచర్ దుకాణం ఆయన.

"లెక్కల ఎంతొచ్చింది సత్తయ్యా?" అన్నాడాయన.

నాయినకు అబద్ధం రాదు. కాగితం చూసి చదివాడు. "సున్నా పాయింట్ సున్నా నాలుగు."

"మల్ల సున్నా గాదు గదా!" అన్నాడాయన సంతోషంగా. "జర ఉన్నట్టే. ఉన్నకాడికి సేసుకుందాం తీ!"

ఆయనను ఒప్పించడానికి నాయినకు ఇంకో మూడు నెలలు పట్టింది. అందుకే స్టాటిస్టిక్స్ పుస్తకం మీద కుడిచెయ్యి పెట్టి, మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో సహసంబంధం అన్న మాట గడప దాటి బయట అనను. ఇక లెక్కలో సున్నా పక్కన ఏ చిన్న ముక్క మిగిలినా, దాన్ని ఇంట్లోనే కొట్టేసి, బయటివాళ్లకు ఉత్త సున్నా అనే చెప్తాను.